ఆర్కిటిక్ సముద్రగర్భం - పరిశోధక విద్యార్థులు చదివిన చరిత్ర

భూగోళం ఉత్తర కొసను, ధ్రువాన్ని చుట్టుకొని, ఆర్కిటిక్ మహాసముద్రం ఉన్నది. దాని వైశాల్యం సుమారు 1 కోటి 40 లక్షల చదరపు కిలోమీటర్లు. అంటే మన దేశ వైశాల్యానికి నాలుగు రెట్లకు పైమాటే. ఆ సముద్రం మీద తేలియాడే మంచు చలికాలంలో విస్తరిస్తుంది, వేసవిలో కుంచించుకొని పోతుంది. సెప్టెంబరు నెలలో దాని విస్తీర్ణం అతి తక్కువగా ఉంటుంది. 1978వ సంవత్సరం చివరినుండి కృత్రిమ ఉపగ్రహాలు ఈ మంచును కొలుస్తూ వస్తున్నవి. 1979 సెప్టెంబరులో అది సుమారు 70 లక్షల చదరపు కిలోమీటర్లు ఉండగా, 2012 సెప్టెంబరులో 34 లక్షలకు పడిపోయింది.

ఇట్లా జరగడం ఇదే మొదటిసారా? పూర్వం ఎప్పుడైనా ఈ సముద్రం వేసవిలో మంచు లేకుండా ఉన్నదా? ఉంటే అప్పుడు భూమి మీద శీతోష్ణస్థితి ఎట్లా ఉండేది? ఉపగ్రహాలకు ఈ సంగతి తెలియదు. వాటి జ్ఞాపకం అర్ధ శతాబ్దానికి మించదు. మానవుని జ్ఞాపకం దానికన్న కొంచెం పెద్దది మాత్రమే. ఆ సముద్రం అడుగున పేరుకొన్న బురదలో మాత్రం లక్షల, కోట్ల సంవత్సరాల సమాచారం దాగి ఉన్నది. దానిని వెలికి తీసి చదివే శాస్త్రానికి సముద్ర భూగర్భశాస్త్రం అని పేరు. ఈ శాస్త్రం ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఎట్లా పెరిగినదో పరిశీలిస్తే ఒక విశేషం కనబడుతుంది. దాని ముఖ్య ఘట్టాలు అనేకం డాక్టరేటు కొరకు పనిచేస్తున్న యువకుల చేతుల మీదుగా, లేక అప్పుడే ఆ పట్టం పుచ్చుకొన్నవారి చేతుల మీదుగా జరిగినవి.

ఓడ శకలాలు చెప్పిన సంగతి

"జీనెట్" అనే అమెరికా ఓడ 1881 జూన్‌లో సైబీరియాకు ఉత్తరాన మంచు మధ్య చిక్కి, నలిగి మునిగిపోయింది. మూడు సంవత్సరాల తరువాత, 1884లో, దానికి సంబంధించిన కొన్ని వస్తువులు గ్రీన్‌లాండ్ నైరుతి తీరం వద్ద మంచుదిమ్మ మీద దొరికినవి. అవి అంత దూరం ఎట్లా వచ్చినవి? మంచు ధ్రువ సముద్రాన్ని అడ్డంగా దాటి కొట్టుకొని వస్తున్నదని నార్వే శాస్త్రజ్ఞుడు హెన్రిక్ మోన్ ఊహించాడు.

ఆ ఊహ ఫ్రిద్యోఫ్ నాన్సెన్ అనే యువకుణ్ణి ఆకర్షించింది. నాన్సెన్ అసలు జంతుశాస్త్రజ్ఞుడు. నాడీమండల నిర్మాణం మీద వ్రాసిన సిద్ధాంత గ్రంథాన్ని 1888 ఏప్రిల్ 28న పరీక్షకుల ఎదుట సమర్థించుకొని డాక్టరేటు సంపాదించాడు. కొద్ది రోజులలోనే గ్రీన్‌లాండుకు బయలుదేరి, ఆ ఏడాదే మంచు పీఠభూమిని స్కీల మీద అడ్డంగా దాటాడు. తరువాత "ఫ్రామ్" అనే ఓడను కట్టించాడు. మంచు ఇరువైపులా ఒత్తినప్పుడు నలిగిపోకుండా పైకి లేచేటట్లు దాని అడుగుభాగాన్ని గుండ్రంగా మలిచారు. 1893 జూన్ 24న ఓడ బయలుదేరింది. సెప్టెంబరులో కావాలనే దానిని మంచులో చిక్కనిచ్చారు. 1896 ఆగస్టులో అది మంచు విడిచి బయటపడింది. మోన్ ఊహ నిజమని తేలింది.

ఈ మూడేళ్ళలో జరిగిన కొలతలు మరింత విలువైనవి. ధ్రువ సముద్రం లోతు తక్కువదని ఆనాటి పండితుల అభిప్రాయం. అందువలన ఓడలో పెద్ద లోతులు కొలిచే తాడు లేదు. తీరా చూస్తే అడుగు తగలలేదు. నావికులు ఉక్కు మోకును పురులు విప్పి పొడవైన తీగగా అల్లుకొన్నారు. దానితో కొలిస్తే లోతు 3,000 మీటర్లు దాటింది. ఆ లోతులనుండి కొంచెం మట్టి కూడ పైకి వచ్చింది. ఆ మట్టిని డెన్మార్కు ఖనిజశాస్త్రజ్ఞుడు బెగ్గిల్డ్ పరీక్షించి 1906లో ఫలితాలు ప్రకటించాడు. ఆర్కిటిక్ నడిసముద్రపు అడుగుమట్టిని గురించి వెలువడిన తొలి వివరణలలో అది ఒకటి.

మరొక సంగతి. గాలి ఏ దిక్కుకు వీస్తే మంచు సరిగా ఆ దిక్కుకు పోవడం లేదని, దానికి 20 నుండి 40 డిగ్రీలు కుడివైపుగా పోతున్నదని నాన్సెన్ గమనించాడు. భూభ్రమణమే దీనికి కారణమని గ్రహించాడు గాని లెక్క కట్టలేకపోయాడు. విల్‌హెల్మ్ బియెర్క్‌నెస్ అనే ఆచార్యుని సలహాపై ఆ లెక్క వాగ్న్ వాల్‌ఫ్రిడ్ ఎక్‌మన్ అనే స్వీడన్ విద్యార్థి చేతికి వచ్చింది. గాలి పై పొరను నెడుతుంది, ఆ పొర తన క్రింది పొరను నెడుతుంది, ఒక్కొక్క పొర మరికొంచెం కుడికి తిరుగుతుంది అని అతడు గణితంతో నిరూపించి 1902లో ప్రకటించాడు. ఆ సంవత్సరమే డాక్టరేటు పొందాడు. "ఎక్‌మన్ సర్పిలం" అనే పేరుతో దానిని నేటికీ ప్రపంచమంతటా సముద్రశాస్త్ర విద్యార్థులు నేర్చుకొంటున్నారు.

బురదను చదవడం ఎట్లా?

సముద్రం అడుగుకు అనేక వస్తువులు రాలుతుంటవి. నదులు మోసుకొని వచ్చిన మెత్తని ఒండ్రు, గాలి తెచ్చిన ధూళి, చచ్చిన సూక్ష్మజీవుల గుల్లలు, పుప్పొడి - ఇవన్నీ పొర మీద పొరగా పేరుకొంటవి. ధ్రువ సముద్రంలో మరొకటి కూడ ఉన్నది. తీరాన మంచులో ఇరుక్కొన్న ఇసుక, గులకరాళ్ళు నడిసముద్రం దాకా తేలిపోయి, మంచు కరగగానే అడుగున పడతవి. తీరానికి వందల కిలోమీటర్ల దూరాన, మెత్తని బురద మధ్య ఒక గులకరాయి కనబడితే, ఆనాడు ఆ నీటి మీద మంచు తేలుతుండేదని అర్థం.

పొడవైన గొట్టాన్ని అడుగుమట్టిలో దింపి, పొరలు చెదరకుండా కడ్డీ ఆకారంలో మట్టిని పైకి తీస్తారు. దీనినే కోర్ అంటారు. స్వీడన్‌కు చెందిన కుల్లెన్‌బర్గ్ ఆ గొట్టంలో ముషలకం అమర్చి, చాలా పొడవైన కోర్లు తీసే పద్ధతి కనిపెట్టాడు. 1947-48లో జరిగిన "అల్బట్రాస్" సముద్రయాత్ర ఆ పరికరాన్ని వాడి ఎన్నో కోర్లు సేకరించింది.

పొరల భాషను చదవడానికి ఐసోటోపులు తోడ్పడినవి. ఆక్సిజన్‌లో తేలిక పరమాణువులు, బరువు పరమాణువులు ఉన్నవి. సముద్రపు నీటిలో, అందులో పెరిగిన ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలలో, ఈ రెండింటి నిష్పత్తి కాలాన్ని బట్టి మారుతుంది. 1955లో సెజారే ఎమిలియాని ఈ మార్పును ప్రధానంగా ఉష్ణోగ్రతకు కొలబద్దగా తీసుకొని, హిమయుగాలు అనేకసార్లు వచ్చి పోయినవని చూపాడు. 1967లో కేంబ్రిడ్జిలో డాక్టరేటు పొందిన నికొలస్ షాకెల్టన్ దీనిని సవరించాడు. తేలిక ఆక్సిజన్ ఉన్న నీరు ఆవిరియై, మంచుగా కురిసి, ఖండాల మీద నిలిచిపోతుంది. కనుక గుల్లలలోని మార్పు ముఖ్యంగా ఆ మంచు పరిమాణాన్ని తెలుపుతుంది అన్నాడు. 1976లో హేస్, ఇంబ్రీ, షాకెల్టన్ ముగ్గురూ హిందూ మహాసముద్రపు దక్షిణ భాగం నుండి తీసిన రెండు కోర్లను పరీక్షించి, భూకక్ష్యలో, భూమి అక్షంలో కలిగే మార్పులే హిమయుగాలకు తాళం వేస్తున్నవని నిరూపించారు.

మిగిలిన సముద్రాలలో ఇంత పని జరుగుతుండగా, ఆర్కిటిక్ మాత్రం వెనుకబడింది. ఓడలు మంచును దాటి పోలేవు. పైగా అక్కడ సున్నపు గుల్లలు చాలా పొరలలో కరిగిపోయి ఉంటవి.

మంచు దీవి మీది మకాం

ఓడలు పోలేని చోటికి మంచే వాహనమైంది. 1937లో సోవియట్ యాత్రికులు నలుగురు, పపానిన్ నాయకత్వాన, తేలే మంచు మీద స్థావరం వేసి, 1938 ఫిబ్రవరి దాకా దానితోపాటు కొట్టుకొనిపోతూ పరిశీలనలు జరిపారు. 1948లో సోవియట్ యాత్రికులు ధ్రువం సమీపంగా సముద్రం అడుగున పోయే పెద్ద పర్వతశ్రేణిని కనుగొని, లొమొనొసోవ్ పేరు పెట్టారు. 1952లో అమెరికా వారు "టి-3" అనే మంచు దీవి మీద మకాం వేశారు. 1960, 1970 దశకాలలో ఆ దీవి మీదనుండి 500కు పైగా కోర్లు తీశారు. దీవి ఎటు పోతే అటే పోవాలి. కోరిన చోట కోర్ తీసే వీలు లేదు. కోర్లు కూడ పొట్టివి. అయినా చాలా కాలం ఆర్కిటిక్ గతాన్ని గురించి మనకు తెలిసినది చాలావరకు వాటినుండి వచ్చినదే.

ఒక మీటరు మట్టికి వయస్సెంత?

ఇక్కడ ఒక చిన్న లెక్క చేయవలసి ఉన్నది. ఉపాధ్యాయులు దీనిని నల్లబల్ల మీద వేసి చూపవచ్చు. వేయి సంవత్సరాలకు ఒక మిల్లీమీటరు చొప్పున మట్టి పేరుకొంటే, ఒక మీటరు మట్టికి పది లక్షల సంవత్సరాలు పడుతుంది. వేయి సంవత్సరాలకు ఒక సెంటీమీటరు చొప్పున పేరుకొంటే లక్ష సంవత్సరాలు చాలును. మట్టి అదే, పొడవు అదే. చరిత్ర పది రెట్లు మారిపోయింది.

ఈ రెండింటిలో ఏది నిజం? భూమి అయస్కాంత ధ్రువాలు పూర్వం అనేకసార్లు తారుమారైనవి. చివరి పెద్ద మార్పు సుమారు 7 లక్షల 80 వేల సంవత్సరాల క్రిందటిది. కోర్లలో పైనుండి క్రిందికి పోతూ అయస్కాంత దిశ మొదటిసారి తిరగబడిన చోటును ఆ పెద్ద మార్పుగానే చాలామంది భావించారు. ఆ చోటు తక్కువ లోతులోనే ఉన్నది. కాబట్టి మట్టి మిల్లీమీటర్ల చొప్పుననే పేరుకొన్నదని, శాశ్వతమైన మంచు క్రింద ఈ సముద్రం దాదాపు నిర్జీవంగా ఉండిపోయిందని నిర్ణయించారు.

1991లో స్వీడన్ ఓడ "ఓడెన్", జర్మనీ ఓడ "పోలార్‌స్టెర్న్" ఉత్తర ధ్రువాన్ని చేరినవి. 1996లో "ఓడెన్" మళ్ళీ వెళ్ళి లొమొనొసోవ్ పర్వతశ్రేణి మీద కోర్లు తీసుకొని వచ్చింది. స్టాక్‌హోం విశ్వవిద్యాలయంలో అప్పుడు డాక్టరేటు కొరకు పనిచేస్తున్న మార్టిన్ యాకబ్సన్, అతని సహచరులు వాటిలో ఒక కోర్ రంగును శ్రద్ధగా కొలిచారు. అందులో ముదురు గోధుమరంగు పొరలు, లేతరంగు పొరలు ఒకదాని తరువాత ఒకటి వస్తున్నవి. గోధుమరంగుకు కారణం మాంగనీసు. వెచ్చని యుగాలలో నదులు, లోతు తక్కువ తీరసముద్రాలు మాంగనీసును లోనికి పంపుతవి. హిమయుగాలలో ఆ సరఫరా తగ్గిపోతుంది. కాబట్టి ఈ రంగుల వరుసను ఇతర సముద్రాలలోని ఆక్సిజన్ ఐసోటోపుల వరుసతో సరిపోల్చవచ్చును. అట్లా పోల్చి, సూక్ష్మ శిలాజాల సాక్ష్యం కూడ తీసుకొని, అయస్కాంత దిశ తిరగబడిన ఆ మొదటి చోటు పెద్ద మార్పు కాదని, తరువాతి కాలంలో కలిగిన తాత్కాలిక సంచలనమని వారు 2000లో ప్రకటించారు. మట్టి పేరుకొన్న వేగం సెంటీమీటర్లలోనికి వచ్చింది. ఆ సంవత్సరమే యాకబ్సన్ సిద్ధాంత గ్రంథం కూడ వెలువడింది.

ధ్రువం దగ్గర గోరువెచ్చని నీరు

పొట్టి కోర్లతో కోట్ల సంవత్సరాల వెనుకకు పోలేము. 2004 ఆగస్టు, సెప్టెంబరు నెలలలో మూడు ఓడలు కలిసి ధ్రువానికి సుమారు 250 కిలోమీటర్ల దూరానికి వెళ్ళినవి. రష్యా అణుశక్తి ఓడ "సొవియెత్‌స్కీ సొయూజ్" ముందు నిలిచి పెద్ద మంచు ఫలకాలను పగులగొట్టింది. "ఓడెన్" వాటిని ఇంకా చిన్న ముక్కలు చేసింది. వాటి అండన "విదార్ వైకింగ్" ఒకేచోట కదలక నిలిచి, సముద్రం అడుగున 428 మీటర్ల లోతు దాకా తొలిచింది. యాత్రకు స్వీడన్‌కు చెందిన యాన్ బాక్‌మన్, కాథరిన్ మొరాన్ శాస్త్ర నాయకత్వం వహించారు. చేతికి వచ్చిన మట్టి 5 కోట్ల 60 లక్షల సంవత్సరాల నాటి వరకు పోయింది. పేరుకొన్న సగటు వేగం వేయి సంవత్సరాలకు ఒకటి రెండు సెంటీమీటర్లని తేలి, స్టాక్‌హోం లెక్కకు బలం చేకూరింది.

ఆ కోర్ అడుగుభాగంలో సుమారు 5 కోట్ల 50 లక్షల సంవత్సరాల క్రిందటి పొర ఒకటి ఉన్నది. ఆ కాలంలో వాతావరణంలోనికి కర్బన పదార్థం విపరీతంగా చేరి భూమి అంతా వేడెక్కింది. ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేస్తున్న ఆపీ స్లౌస్, అతని సహచరులు ఈ పొరలో నిలిచి ఉన్న సూక్ష్మజీవుల కొవ్వు పదార్థాలను విశ్లేషించారు. ధ్రువం దగ్గరి సముద్రపు పైనీటి ఉష్ణోగ్రత అప్పుడు 18 సెంటీగ్రేడు డిగ్రీలనుండి 23 డిగ్రీలకు పైకి పెరిగిందని 2006లో ప్రకటించారు. ఆనాడు వేరువేరు బృందాలు కంప్యూటర్లతో కట్టిన శీతోష్ణస్థితి నమూనాలు ఇంత వేడిమిని చూపలేదు. ధ్రువాలను వేడెక్కించే కారణాలలో కొన్ని మన లెక్కలకు అందలేదన్నమాట.

మరికొంత పైన, 4 కోట్ల 90 లక్షల సంవత్సరాల నాటి పొరలలో అజొల్లా అవశేషాలు కుప్పలుగా దొరికినవి. మన రైతులు వరిమళ్ళలో పచ్చిరొట్టగా పెంచే అజొల్లా జాతిదే ఈ మొక్క కూడ. ఇది ఉప్పునీటిలో బ్రతకదు. కాబట్టి ఆ కాలంలో, సుమారు 8 లక్షల సంవత్సరాల పాటు, ధ్రువ సముద్రపు పై నీరు తరచు మంచినీరుగా ఉండి, దాని మీద ఈ నాచు వంటి మొక్క పరుచుకొని ఉండేదని ఊహించారు.

ఇంకా తెగని ప్రశ్నలు

2004లో తీసిన కోర్ మధ్యభాగంలో ఒక లోపం ఉన్నది. సుమారు 4 కోట్ల 40 లక్షల ఏళ్ళ క్రిందటినుండి 1 కోటి 80 లక్షల ఏళ్ళ క్రిందటి వరకు గల మట్టి అక్కడ లేదని మొదట నిర్ణయించారు. అంటే, వెచ్చని ఆర్కిటిక్ చల్లని ఆర్కిటిక్‌గా మారిన కథ వ్రాసిన పుటలే చినిగిపోయినవి. అయితే 2011లో మరొక బృందం ఆస్మియం ఐసోటోపులతో లెక్క కట్టి, ఆ లోపం అంత పెద్దది కాదని, కొన్ని లక్షల సంవత్సరాలు మాత్రమేనని వాదించింది. ఈ తగవు తీర్చడానికి మరొక చోట తవ్వాలని 2022 వేసవికి యాత్ర సిద్ధమైంది. ఉక్రెయిన్ యుద్ధం వచ్చిపడటంతో ఆ యాత్ర ఆగిపోయింది.

రెండవది మనకు మరింత దగ్గరి ప్రశ్న. సుమారు 1 లక్షా 25 వేల సంవత్సరాల క్రిందట, చివరి హిమయుగానికి ముందు, ఆర్కిటిక్ ప్రాంతం నేటికన్న వెచ్చగా ఉండేది. అప్పుడు నడిసముద్రంలో వేసవి మంచు ఉన్నదా, లేదా? సముద్రపు మంచులో పెరిగే డయాటములు తయారుచేసే ఒక కర్బన పదార్థాన్ని మంచుకు గుర్తుగా వాడవచ్చని 2007లో ప్లిమత్ శాస్త్రజ్ఞులు చూపారు. ఇటువంటి గుర్తుల ఆధారంతో, నడిసముద్రంలో వేసవిలో కూడ మంచు నిలిచే ఉన్నదని 2017లో ఒక బృందం తెలిపింది. మంచు లేని నీటిలో బ్రతికే ఫొరామినిఫెరా జాతి ఒకటి ఆ కాలపు పొరలలో విరివిగా కనబడుతున్నది గనుక, వేసవిలో మంచు లేదని 2023లో మరొక బృందం తెలిపింది. ఇద్దరూ ప్రయోగాలు చేసినవారే. పొరల వయస్సును గురించిన వాదం కూడ పూర్తిగా ముగియలేదు. 1979 తరువాత ఆర్కిటిక్ ప్రాంతం భూమి సగటుకన్న దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. ఇటువంటి సమయంలో ఈ ప్రశ్నకు జవాబు రావడం అవసరం. భవిష్యత్తును లెక్క కట్టే నమూనాలను సరిచూసుకోవడానికి జరిగిపోయిన వెచ్చని కాలమే ఆధారం.

విద్యార్థులకు గల మార్గాలు

ఈ పనికి ఏ చదువు కావాలి అని విద్యార్థులు అడగవచ్చు. భూగర్భశాస్త్రం ఒక్కటే చాలదు. కొవ్వు పదార్థాలను విశ్లేషించడానికి రసాయనశాస్త్రం, అయస్కాంత దిశలకు భౌతికశాస్త్రం, గుల్లలను గుర్తించడానికి జీవశాస్త్రం, పొరల వరుసలను సరిపోల్చడానికి గణితం కావాలి. వీటిలో దేనిలో ఎం.ఎస్‌సి. పట్టం ఉన్నా తలుపు తెరిచి ఉన్నట్టే.

నార్వే, స్వీడన్ దేశాలలో పరిశోధక విద్యార్థిని సాధారణంగా జీతమిచ్చి ఉద్యోగిగా నియమిస్తారు. అతడు విశ్వవిద్యాలయానికి రుసుము కట్టనక్కరలేదు. ట్రోమ్సో, బెర్గెన్, స్టాక్‌హోం, బ్రెమెన్ నగరాల విశ్వవిద్యాలయాలు, బ్రెమర్‌హాఫెన్‌లోని ఆల్ఫ్రెడ్ వెగెనర్ సంస్థ ఈ శాస్త్రానికి కేంద్రాలు. నార్వే వారు స్వాల్‌బార్డ్ దీవులలో 1993లోనే ఒక విశ్వవిద్యాలయ కేంద్రం నెలకొల్పారు. 2004 నాటి కోర్లు బ్రెమెన్‌లో చల్లని గదులలో భద్రంగా ఉన్నవి. తగిన ప్రశ్నతో దరఖాస్తు చేసిన శాస్త్రజ్ఞులకు వాటినుండి కొద్దిపాటి మట్టి ఇస్తారు. కాబట్టి ఓడ ఎక్కనివారు కూడ ఆర్కిటిక్ చరిత్రను చదవవచ్చును.

మన దేశం 2007లో ఆర్కిటిక్‌కు తొలి శాస్త్ర బృందాన్ని పంపింది. 2008లో స్వాల్‌బార్డ్‌లోని నీ ఆలెసుండ్ వద్ద "హిమాద్రి" స్థావరం వెలసింది. 2014లో అక్కడి కాంగ్స్‌ఫియర్డ్ అనే సముద్రపు పాయలో మనవారు నీటి లక్షణాలు కొలిచే పరికరాలను దింపారు. ఈ కార్యక్రమాలను గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం నిర్వహిస్తున్నది. అక్కడ పరిశోధన చేయగోరేవారు సి.ఎస్.ఐ.ఆర్., యు.జి.సి. వారి "నెట్" పరీక్షలో భూశాస్త్రాల విభాగంలో ఉత్తీర్ణులై పరిశోధక వేతనం సంపాదించడం ఒక మార్గం.

సముద్ర భూగర్భశాస్త్రం తెలుగువారికి కొత్తది కాదు. 1952లో అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు యూజీన్ లఫాండ్ వాల్తేరుకు వచ్చి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూగర్భశాస్త్ర ఆచార్యులు సి. మహదేవన్ మొదలైనవారితో కలిసి బంగాళాఖాతం పరిశోధనకు తోడ్పడ్డారు. తరువాత తూర్పు తీరానికి ఎదురుగా సముద్రం అడుగున కనుగొన్న లోతైన లోయలకు ఆయన ఆంధ్ర, మహదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టారు. ఆ పేర్లు 1964లో శాస్త్ర గ్రంథాలకు ఎక్కినవి.

ఉన్నత పాఠశాలలో ఈ శాస్త్రానికి నాంది పలకడం కష్టం కాదు. వేసవిలో ఊరి చెరువు పూడిక తీసేటప్పుడు, నీరు ఇంకిన చోట ఒక గొట్టాన్ని నిలువుగా దింపి మట్టి కడ్డీని తీయండి. దానిని నిలువునా చీల్చి పొరల రంగులు, మందాలు విద్యార్థుల చేత వ్రాయించండి. చెరువు క్రిందటిసారి ఎప్పుడు పూడిక తీశారో ఊరి పెద్దలనడిగి, ఏడాదికి ఎంత మందాన మట్టి పేరుకొన్నదో లెక్క కట్టించండి. ఆ తరువాత ఒక ప్రశ్న వేయండి: పెద్దలు చెప్పిన సంవత్సరం తప్పైతే మన లెక్క ఎంత తప్పుతుంది? ఉత్తర సముద్రం విషయంలో స్టాక్‌హోం విద్యార్థికి ఎదురైనది సరిగా ఈ ప్రశ్నే.